జీరో టికెట్ ఛార్జీ

ఉప్పల్‌లో బస్సెక్కాను. నా పక్కన ఒకావిడ, కిటికీ దగ్గర ఆవిడ కూతురు. పదో తరగతేమో. కండక్టర్ మా ముగ్గురికీ ఆడవాళ్ల జీరో టికెట్లు ఇచ్చి వెళ్లగానే, ఆవిడ ఛార్జీకి సరిపడా డబ్బులు తీసి కూతురికిచ్చింది. ఆ పిల్ల వాటిని బ్యాగు లోపలి అరలో వేసి జిప్పు లాగింది.

ఇలాంటివి అడగకపోతే నాకు తోచదు. "టికెట్ ఫ్రీయే కదమ్మా, మరి ఆ డబ్బులు?"

"లేకుంటే టికెట్‌కు పోయేటియే గదక్కా. గందుకే దీనికిస్త. దాసుకుంటది."

"ఏం కొనుక్కుంటుందట?"

ఆవిడ గొంతు తగ్గించింది. "నేనెన్నడు అడగలే. అడిగిననుకో, అవి మల్ల నా పైసలే అయితయ్. దాసుడు బంద్ జేస్తది."

నాచారంలో దిగిపోయాను.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి డబ్బాలో చిల్లర వేస్తోంది. "దేనికే?" అనబోయి, మంచినీళ్లడిగాను.