పెళ్లి కానుకలో రెండు గళ్లు

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో తువాళ్లు నేయించే ఒక ఆఫీసులో నేను డిజైన్లు గీసేదాన్ని. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి అక్షరాలు చేయడం నా పని. ఒక్కో గడి మగ్గం మీద ఒక్కో పోగు. ఇంగ్లీషు అక్షరాలు గళ్లలో సులువుగా ఇమిడేవి. మన అక్షరాలు గుండ్రం, ఎంత వంచినా మెట్లు మెట్లుగా వచ్చేవి. జనానికి ఆ మెట్ల అక్షరాలంటేనే మోజు. తువాళ్ల అంచులకూ చేతిసంచులకూ దిండు గలీబులకూ అవే అడిగేవాళ్లు.

ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన తన ఇంట్లో పెళ్లికి వచ్చేవాళ్లకు పంచడానికి 'పెళ్లి కానుక' అని నేసిన తువాళ్లు కావాలన్నాడు. చోటు చాలక మొదటి అక్షరాన్ని ఇరికించి గీశాను. పైన ఎత్వానికీ కింద 'ప'కూ మధ్య ఖాళీగా వదలాల్సిన రెండు గళ్లు నింపేశాను. చూసుకోలేదు.

నేసినాయన కోసిగి నుంచి వచ్చి స్థిరపడినవాడు, నలభై దాటినవాడు. చదువు రాదు. మూట విప్పగానే వ్యాపారి గుమాస్తా ఒక తువాలు ఎత్తి చూసి, "వెళ్లి కానుకంట" అని నవ్వాడు. మేనేజరు నేతగాణ్ణి పిలిపించాడు.

"సదువు రానోనికి అచ్చరాల మగ్గం ఇచ్చినాం. మాదే బుద్ధి తక్కువ."

"గళ్లు లెక్కబెట్టే నేసినాను సార్. నాకు అచ్చరం రాదు, గడి వస్తాది," అన్నాడాయన. నా వైపు చూశాడు.

నేత అయ్యాక తిరిగొచ్చిన గ్రాఫు కాగితం నా సొరుగులోనే ఉంది. తల వంచుకుని పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయాక ఆ రెండు గళ్లనూ బ్లేడుతో గీకేశాను. అదే కాగితం ఇంకో నేతగాడికి ఇచ్చారు. ఈసారి అక్షరాలు సరిగా వచ్చాయి. దాంతో మొదటాయనదే తప్పని ఆఫీసంతా ఖాయం చేసుకుంది. ఆయనకు కూలి తక్కువుండే ఉత్త తువాళ్ల నేత ఇచ్చారు.

కొన్ని నెలలకు ఆదోని బడిలో నాకు డ్రాయింగు టీచరు ఉద్యోగం వచ్చింది. పోయే ముందు ఆయన ఇంటికి వెళ్లాను. మగ్గం గుంటలోనే కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ తప్పు నాది. కాగితంలోనే ఉండె," అన్నాను.

ఆయన చెయ్యి ఆపాడు. "నాకు తెలుసు కదమ్మా. నేను గడి తప్పను."

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదన్నా?"

"సెప్తే ఎవరు ఇంటారు? నువ్వు సెప్తే ఇంటారు." మళ్లీ పోగు అందుకుని, "నాకు సెప్పేదానికి ఇంత దూరం వస్తివి. ఆఫీసులో సెప్పిపో," అన్నాడు.

అటునుంచి అటే ఆఫీసుకు పోయాను. మేనేజరు కర్నూలు పోయినాడు, రేపు రమ్మన్నారు. బస్టాండుకు నడుస్తుంటే, మేనేజరు లేకపోవడం మంచిదే అయిందని అనిపించింది. మరుసటి రోజు పోలేదు. ఆదోని అక్కడికి గంట ప్రయాణం. తర్వాత కూడా ఎన్నడూ పోలేదు.