డేగకళ్ళాయన ఎర్ర కలం

కోర్టు వీధిలో టైపింగ్ కొట్టు ఆవిడది. పక్క కుర్చీలో భర్త. ఆయన పాత కాగితం పైకి చదివితే ఆవిడ టైపు చేసేది. తర్వాత ఆయన ఎర్ర కలంతో ప్రూఫు దిద్దేవాడు. చుక్క తప్పినా పట్టేస్తాడని ప్లీడర్లు డేగకళ్ళాయన అని పేరు పెట్టారు. ఇద్దరికీ వేరే కబుర్లు తక్కువే. కాపురమంతా ఆ చదువులోనే గడిచిపోయింది.

అంతలో పీడీఎఫ్‌ని వర్డ్ ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చిపడింది. స్కాన్ చేసి ఒక్క బటన్ నొక్కితే దస్తావేజంతా దిద్దుకోవడానికి వీలుగా తెర మీదికి వచ్చేస్తుంది. మొదట్లో అది అడ్డదిడ్డంగా కక్కేది. "దీనికి చదువబ్బలేదే!" అని ఆయన మురిసిపోయేవాడు. రానురాను ఆ మాయదారిది అన్నీ నేర్చేసుకుంది. ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. అన్నం దగ్గర సగంలో లేచిపోయేవాడు.

అది చూడలేక ఆవిడ ఒక దొంగపని మొదలుపెట్టింది. మంచి ఫైలు వేరే దాచి, ఇంకో దాంట్లో ఒక వాక్యం ఎగరగొట్టి, ఒక పేరా కిందామీదా చేసి, ప్రింటు తీసి ఆయన ముందు పెట్టేది. ఎర్ర గీతలు మళ్ళీ పడ్డాయి. అన్నం మళ్ళీ సహించింది.

"మిషన్ని నమ్ముకుంటే కొంప మునుగుతుందే," అని ఆయన కసిరేవాడు.

"మీరుండబట్టి సరిపోయిందండీ," అనేది ఆవిడ, నవ్వాపుకోలేక తల తిప్పుకుని.

మొన్న ఒక అమ్మకం దస్తావేజు వచ్చింది. తొందరలో ఆవిడ మొరటుగానే చెడగొట్టింది. ఒక వాక్యం ఎగరగొట్టి, ఒక పేరాని వెంటవెంటనే రెండుసార్లు పడేసింది. ఆయన వేలు ఆనించి, పెదాలు కదుపుతూ మధ్యాహ్నందాకా చదివాడు. తిరిగొచ్చిన కాగితం మీద ఒక్క గీత లేదు. అడుగున 'సరి' అని మాత్రం రాసుంది.

ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మరోసారి చూడమని నోటిదాకా వచ్చింది. చెబితే తన చూపో, బుర్రో పోతోందని ఆయనకి తెలిసిపోతుంది. చెప్పకపోతే దిద్దడానికేమీ లేదని ఆయన మానేస్తాడు, ఆ కుర్చీ ఖాళీ అవుతుంది.

"ఒక్క తప్పూ లేదే," అన్నాడు ఆయన, కలం మూత బిగించి బల్ల మీద పెడుతూ. "నీ మిషనే గెలిచింది. ఇక నాతో పనేముంది? రేపట్నుంచి ఇంటిపట్టునే ఉంటాలే."

"అలాగే లెండి. ఎన్నాళ్ళని కష్టపడతారు?" అంది ఆవిడ.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఖాళీ కుర్చీలో కూర్చుని, ఎర్ర కలం తీసుకుని, తను చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే దిద్దింది.