మా నాన్న ఓటు, నా పచ్చిమిరపకాయ గుర్తు

ప్రచారం మొదలుపెట్టిన ఉదయం మా వాకిట్లో ఉన్న సామాను: ఒక ట్రాలీ ఆటో, దాని నెత్తిన రెండు మైకులు, ఒక బ్యాటరీ, రెండు కట్టల కరపత్రాలు, ఒక కొబ్బరికాయ, ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నేను ఎవరికో నమస్కారం పెడుతున్నాను. ఎవరికో నాకే తెలియదు. ఉన్న మనుషులు: అసెంబ్లీకి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేస్తున్న నేను, ఆటో తోలే నా స్నేహితుడు, కొబ్బరికాయ పట్టుకున్న అమ్మ, అరుగు మీద మా వైపు వీపు పెట్టి పేపరు చదువుతున్న నాన్న. నాన్న భుజం మీద ఆయన పార్టీ కండువా ఉంది. నాకు పార్టీ లేదు కాబట్టి కండువా ఖర్చు మిగిలింది.

నాన్న ఆ పార్టీకి మా ఊరి బూత్‌లో నేను పుట్టకముందు నుంచీ ఏజెంటు. పార్టీ ఆయనకు ఇచ్చినవి ఒక గోడ గడియారం, బోలెడన్ని కండువాలు. గడియారం ఆగిపోయింది. నమ్మకం ఆగలేదు.

ఈ నియోజకవర్గంలో నేను గెలవనని లెక్కకట్టడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. నేను చదివాను కాబట్టి పట్టిక గీసి మరీ తేల్చుకున్నాను. నాకు కచ్చితంగా కావలసిన ఓటు ఒక్కటే, నాన్నది. మిగతావి వస్తే కాదనను.

"ఏరా, గెలుస్తావా?" అన్నాడు నాన్న, పేపరు దించకుండానే.

"గెలవడం కోసం కాదు నాన్నా. సమస్యలు చర్చకు రావాలని."

"చర్చకైతే ఈ అరుగు చాలదంట్రా? ఆటో ఎందుకు?"

"నీ ఓటు నాకు వేస్తావా?"

"ఇన్నేళ్ళు ఒకటే గుర్తు మీద నొక్కాను. నా వేలికి ఇంకో దారి తెలవదు." పేజీ తిప్పాడు. "ఎండెక్కకముందే బయల్దేరండి."

అమ్మ కొబ్బరికాయ కొట్టింది. "నా ఓటు నీకేరా. ఆయన సంగతి ఆయన్నే అడుగు," అంది.

నా స్నేహితుడు దర్శి నుంచి వచ్చి పర్చూరులో మైకుసెట్టు కొట్టు పెట్టుకున్నవాడు. నా కోసం రాత్రనక పగలనక పనిచేశాడు. అతని ఓటు మాత్రం దర్శిలోనే ఉండిపోయింది. కరపత్రం వెనక నేను ఒక ఫ్లోచార్టు కూడా అచ్చువేయించాను. దాన్ని చివరిదాకా చదివింది ప్రెస్సులో ప్రూఫు చూసినాయన ఒక్కడే. ఆయన ఓటు చీరాలలో ఉంది.

ఫ్లోచార్టు సారాంశం చిన్నదే. మా వైపు రైతులు మిరపకాయల్ని పొలంలో మట్టి మీదో, తారు రోడ్డు మీదో ఆరబోస్తారు. ఊరికి రెండు సిమెంటు కల్లాలు కట్టిస్తే కాయకు దుమ్ము అంటదు, మచ్చ రాదు. రోడ్ల కంపెనీలో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి వాలు, మందం, కాంక్రీటు పాళ్ళతో సహా రాశాను. కాంక్రీటు పాళ్ళు చదివి ఓటేసే ప్రజల కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.

గుర్తు కూడా నేనే ఏరి తీసుకున్నాను. ఎన్నికల అధికారి ముందు పెట్టిన జాబితాలో పచ్చిమిరపకాయ కనపడగానే నా తర్కం పరుగెత్తింది: ఇది మిరప ప్రాంతం, మిరపకాయను గుర్తుపట్టని మనిషి ఇక్కడ లేడు, కనుక నన్నూ గుర్తుపడతారు. మొదటి రెండు వాక్యాలూ నిజమే.

తొలిరోజే ఒక కల్లం దగ్గర ఆగాం. తాటాకు పందిరి కింద ఆడవాళ్ళు ఎండుకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. మంచి ధర రాదు. నేను తేమ శాతం గురించి మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను. ఆఖరికి వాళ్ళ ముఠా మేస్త్రమ్మ చేటలోంచి తలెత్తింది.

"గుర్తేందయ్యా నీది?"

"పచ్చిమిరపకాయండి."

"పచ్చిదా? పచ్చికాయ ఎవరు కోస్తారయ్యా ఇక్కడ! ఎర్రబడ్డాక రా, కోస్తాం."

పందిరంతా నవ్వింది. ఓటింగు మిషను మీద గుర్తు నలుపు తెలుపుల్లోనే ఉంటుందని, రంగుతో పని లేదని వివరించాను.

"రంగు లేకపోతే తాలుకాయే గందా?" అంది ఇంకొకామె, చేతిలో ఉన్నదాన్ని అవతల కుప్పలోకి విసురుతూ.

నా స్నేహితుడు ఆటో దాకా నవ్వుతూనే వచ్చాడు. "ఒరేయ్, నీ ఫ్లోచార్టుకన్నా ఇదే బాగుందిరా. రికార్డు చేసి మైకులో వేద్దాం," అన్నాడు.

అసలు ప్రచారం మా ఊళ్ళోనే జరిగింది. ఆఖరి కోత కాయలు పంచాయతీ రోడ్డు మీద ఒక పక్కగా ఆరబోసి, అంచున రాళ్ళు పెట్టి ఉన్నాయి. మా ఆటో మెల్లగా వెళ్తోంది. నేను వెనక నిలబడి మైకులో, "రైతు తన కాయల్ని రోడ్డు పాలు చేసే ఈ దుస్థితి ఇంకెన్నాళ్ళు?" అని అడుగుతున్నాను. అప్పుడే మైకు గరగరలాడింది. నా స్నేహితుడు వెనక్కి తిరిగి తీగ సర్దబోయాడు. ఆటో రాళ్ళు దాటి కాయలెక్కింది.

మెత్తటి చప్పుడు. తర్వాత ఘాటు.

"ఒరేయ్, ఆపరా ఆటో!" కాయల యజమాని పరుగెత్తుకొచ్చాడు. వరసకు నాకు మామ. "నీ కల్లం సంగతి తర్వాత, ముందు నా కాయల మీంచి దిగు! రోడ్డు పాలు చేసిందెవడ్రా? నువ్వా, నేనా?"

గరగర పోయిన మైకు ఆ మాటల్ని ఊరంతటికీ స్పష్టంగా వినిపించింది. నా ప్రచారంలో అందరూ పూర్తిగా విన్న ప్రసంగం అదొక్కటే.

నాన్న తన పార్టీ మీటింగుకు పోతూ మోపెడ్ మీద అటే వచ్చాడు. బండి స్టాండేసి, చూశాడు. ఎదురింట్లోంచి చీపురు, చేట తెచ్చి, పార్టీ కండువా ముక్కుకు కట్టుకుని, నలిగిన కాయల్ని ఒక పక్కకూ మంచివాటిని ఒక పక్కకూ ఊడవడం మొదలుపెట్టాడు.

"నీ మొహం చూసి ఊరుకుంటున్నా బావా," అన్నాడు మామ.

"ఊరుకోమాక. నువ్వు తిడతా ఉండు, నేను ఊడుస్తా ఉంటా."

"ఇందుకే నాన్నా, సిమెంటు కల్లం ఉంటే..." అన్నాను నేను. ఆ మాట అనడానికి అంతకన్నా చెడ్డ సమయం దొరికేది కాదు.

"ముందు ఇంకో చీపురు తేరా, ఎమ్మెల్యే."

తెచ్చాను. ఇద్దరం తుమ్ముకుంటూ ఊడ్చాం. సగం అయ్యాక, తల ఎత్తకుండా అడిగాడు: "వానొస్తే నీ కల్లం మీద నీళ్ళు ఎటు పోతాయిరా?"

నా మేనిఫెస్టో మీద నియోజకవర్గం మొత్తంలో ఒక మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. చీపురుతో రోడ్డు మీద గీసి చూపించాను: నడిమధ్య ఎత్తు, నాలుగు వైపులా వాలు, చుట్టూ కాలవ. నాన్న గీత వంక కాసేపు చూశాడు. "ఊఁ," అన్నాడు. గీత మీదుగానే ఊడ్చుకుంటూ పోయాడు.

ఆ సాయంత్రం అమ్మ నాకు దిష్టి తీసింది. "ఊరందరి కళ్ళూ నీ మీదే పడ్డాయి," అంటూ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు నా తల చుట్టూ తిప్పి పెరటి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదని, లేకపోతే గొంతు పట్టే కోరు వస్తుందని మా వైపు లెక్క. నిమిషంలో అమ్మకు దగ్గు, నాకు దగ్గు, పక్కింటి గేదెకు కూడా దగ్గు.

అరుగు మీంచి నాన్న దగ్గుతూనే అన్నాడు: "ఎవడూ నీ కొడుకు వంక చూళ్ళేదని తేలింది గదే!"

నా పట్టిక చెప్పిందీ అదే.

పోలింగు రోజు నాన్న బూత్‌లో ఆయన పార్టీ తరఫున బెంచీ మీద కూర్చున్నాడు. మా ఇంటి ఓట్లు మూడూ అక్కడే. నా తరఫున ఏజెంటు లేడు. మనిషిని పెట్టడానికి ముందు మనిషి దొరకాలి. నేను ఓటు వేయడానికి వెళ్ళగానే నా పేరు చదివి, అధికారి ఏజెంట్ల వైపు చూసి, "అభ్యంతరం ఏమైనా ఉందాండి?" అన్నాడు.

"మా అబ్బాయేనండి," అన్నాడు నాన్న. తర్వాత, ఏజెంటుగా తన బాధ్యత గుర్తొచ్చినట్టుంది, "ఓటు ఇక్కడే, అభ్యంతరం లేదు," అని చేర్చాడు.

నేను వేసి వచ్చేసరికి అమ్మ వరసలో ఉంది. ఆమె తర్వాత నాన్న లేచాడు. తలుపు దగ్గర నిలబడి చూశాను. మిషనుకు అడ్డం పెట్టిన అట్ట ముందు వంగిన ఆయన వీపు కనపడుతోంది, అంతే. ఒకే దారి తెలిసిన వేలికి అంతసేపు పట్టకూడదు. తప్పు చోట నొక్కుతున్నాడేమో, కళ్ళజోడు మరిచాడేమో, నా గుర్తు కనపడక వెతుకుతున్నాడేమో, అసలు వెతకడం లేదేమో. మిషను మోగింది. నాన్న బయటికి వచ్చి, వేలి మీద సిరా ఆరేలా ఊదుకుంటూ నా ముందు ఆగాడు.

"ఎండగా ఉంది. ఇంటికి పోయి మజ్జిగ తాగు," అన్నాడు. మళ్ళీ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

లెక్కింపు దాకా ఇంట్లో మేం మాట్లాడుకున్నది వానల గురించి.

లెక్కింపు రోజు అభ్యర్థి హోదాలో ఇనుప వల ఇవతల కుర్చీలో కూర్చున్నాను. మొత్తం ఫలితం గురించి నాకు ఆసక్తి లేదు. అది నా పట్టికలో ముందే ఉంది. మా ఊరి బూత్ మిషను బల్ల మీదికి వచ్చింది. అధికారి సీలు చూపించి, బటన్ నొక్కి, ఒక్కో అభ్యర్థి పేరూ, అంకే చదవసాగాడు. నాన్న పార్టీకి ఎప్పటిలాగే బోలెడు పడ్డాయి. అవతలి పార్టీకి ఇంకాస్త ఎక్కువ పడ్డాయి. తర్వాత స్వతంత్రులు. నా పేరు వచ్చింది.

మూడు.