చిన్నమామ తెచ్చిన అరటి పిలక

శంషాబాద్ దాటాక, విమానాలు తల మీదుగా దిగే దారిలో మా ప్రయోగశాల ఉంది. అక్కడ నేను అరటికి జన్యు సవరణ చేస్తాను. అరటికి తెగులు తెచ్చే ఒక వైరస్ తన సంతతిని పెంచుకోవడానికి ఆ మొక్కలోని ఒక జన్యువును వాడుకుంటుందని మా అనుమానం. దాన్ని కాస్త మార్చేస్తే వైరస్‌కు ఆ ఇంట్లో పూట గడవదు. ఈ సంగతి అత్తవారింట్లో చాలాసార్లు వివరించాను. వాళ్లు శ్రద్ధగా విని, "మా కోడలు అరటిపండ్లకు సూదులిస్తది" అని చుట్టాలకు చెప్పేవారు. డాక్టరేట్‌కు అంతకన్నా గౌరవం ఏం కావాలి?

మా మామగారి తమ్ముడికి, అంటే చిన్నమామకు, ఇళ్ల స్థలాల వెంచర్ల మధ్య చిన్న పొలం చెక్క మిగిలింది. అమ్మమంటూ ఎవరో ఒకరు కారేసుకుని వస్తూనే ఉంటారు. పంతానికి ఆయన అందులో అరటి పెట్టాడు. ఒక ఆదివారం రమ్మని ఫోన్ చేస్తే వెళ్లాను. చాలా చెట్లకు కొత్త ఆకులు చిన్నవిగా, నిటారుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ కొసన గుత్తిలా నిలబడ్డాయి. బంచీటాప్ తెగులు. వారమంతా నేను కుస్తీ పట్టే వైరస్సే, సెలవురోజు కూడా నన్ను చూడకుండా ఉండలేక చుట్టపుచూపుగా వచ్చింది.

"నీ పనే గిది కద బిడ్డా. జర సూదెయ్యి" అన్నాడు చిన్నమామ.

"రోగమొచ్చిన చెట్టుకు మందు లేదు మామా. మేం చేసేది ఇగ పుట్టే మొక్కలకు, దాని పరీక్షకే రోగం మొక్కలు కావాలె. ముందుగాల పేనుబంక చావనీకి మందు కొట్టి, తర్వాత వేర్లతోటి పీకెయ్యాలె. ఆ పురుగే రోగాన్ని మోసుకపోతది."

"పీకెయ్యనీకి గింత సదువెందుకు? గడ్డపార సాలదా?"

నా పరిశోధనను పరీక్షించిన పెద్దలెవరూ ఇంత సూటిగా అడగలేదు. మర్నాడే ఆయన షాద్‌నగర్ వెళ్లి, పురుగుమందుల దుకాణంలో ఏదో సీసా కొన్నాడు. దుకాణదారు నాకన్నా మంచివాడు. తప్పక నయమవుతుందన్నాడు. వైరస్ ఆ సీసాను పట్టించుకోలేదు. మంచి చెట్లకూ పాకింది.

కొన్నాళ్లకు మా గేటు కాపలాదారు నుంచి ఫోన్ వచ్చింది. బయటి పేనుబంక ఒక్కటి కూడా దూరకూడదని మేం చెప్పులు మార్చి, చేతులు కడిగి, తలుపు వెనక తలుపు దాటి లోపలికి పోతాం. గేటు దగ్గర చిన్నమామ స్కూటర్ మీద, తడి గోనెసంచిలో తెగులు పట్టిన అరటి పిలకను, పేనుబంకతో సకుటుంబంగా పట్టుకుని నవ్వుతున్నాడు.

"పరీక్షకు రోగం మొక్కలు కావాలంటివి కద. మంచిగ ముదిరిందే ఏరి తెచ్చిన."

సంచిని ప్లాస్టిక్ కవర్లో బిగించి కాల్చడానికి పంపించాం. మా పై అధికారి కిటికీలోంచే, ఆ సంచి ముట్టుకున్నందుకు నాకు ఆ రోజు ప్రవేశం లేదని సైగ చేసింది. కోడలికి బలవంతపు సెలవు ఇప్పించిన ఘనత ఆయనదే. ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర కూర్చున్నాం.

"నిజం చెప్పు బిడ్డా. నా తోట?"

"పోయింది మామా."

ఆయన తాగకుండానే చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "మా బిడ్డ పెండ్లికి పందిట్ల మన చెట్లే నిలబెడదమనుకున్న. మీ చిన్నత్త అందరికి చెప్పుకున్నది గూడ" అన్నాడు. ఆదివారం నేనూ వస్తాను, గడ్డపార తీసి ఉంచమన్నాను.

తర్వాతి ఆదివారం ఇద్దరం కలిసి తోటంతా తవ్వేశాం. గడ్డపార ఆయనది, అరచేతుల బొబ్బలు నావి. చిన్నత్త అన్నం తెచ్చింది కానీ తోటవైపు చూడలేదు. ఆ చెక్కలో తర్వాత మక్కజొన్న వేశారు. పెళ్లిపందిట్లోకి అరటిచెట్లు బయటినుంచి కొన్నారు. వాటి ఆకులన్నీ తిరగేసి చూశాకే చిన్నమామ ట్రాలీ దింపనిచ్చాడు.

ఈ మధ్య వలగదిలో మా సవరించిన మొక్కల మీద వైరస్ మోసే పేనుబంకను మేమే వదిలాం. చాలావాటికి కొసన తెగులు గుత్తులొచ్చాయి. కొన్ని మాత్రం వెడల్పాటి ఆకులతో నిలబడ్డాయి. అనుమతి తీసుకుని చిన్నమామకు వల బయటినుంచే గొప్పగా చూపించాను. కాళ్లకు నీలం కవర్లు తొడుక్కుని ఆయన చాలాసేపు చూశాడు.

"నాకెప్పుడిస్తవ్?"

"ఇంకా పరీక్షలున్నయ్ మామా, అనుమతులున్నయ్. ఏండ్లు పడతది."

"గెల ఏసిందా?"

"ఇంకా లేదు."

"ఏయకముందే గింత గర్వమేంది బిడ్డా?" అని ఆయన మళ్లీ వలకు ముఖం ఆనించాడు.