ఖాలా ఆది వద్దన్న రోజు

నా చిన్నప్పుడు నాకున్న గొప్ప ఒక్కటే. ఏ జాకెట్టు చూసినా అది ఎవరిదో ఇట్టే చెప్పేసేదాన్ని. ఆదోనిలో మా పక్కింటామె ఆడవాళ్ల బట్టలు కుట్టేది. వీధి పిల్లలందరం ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. సెలవుల్లో నేను ఆమె దగ్గర హుక్కులు కుడుతూ, ఊళ్లో సంగతులన్నీ వాగుతూ కూర్చునేదాన్ని. నా నోటికి తాళం వేసేవాళ్లు మా ఇంట్లో కూడా లేరు.

ఆ రోజుల్లో మా వైపు ఒంటి కొలతలు తీయించుకునే అలవాటు లేదు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని పరిచి కొత్తది కత్తిరించేవాళ్లు.

ఒక పొద్దున, మా వీధి పత్తి వ్యాపారి ఇంట్లో అంట్లు తోమి బట్టలుతికే ఆమె, పెళ్లి కుదిరిన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఎమ్మిగనూరు చీర మీదికి ఎర్ర గుడ్డ ఇచ్చి, సంచిలోంచి ఆది తీసింది. ఆకుపచ్చ జాకెట్టు. చూడగానే గుర్తుపట్టాను. పచ్చదారం అయిపోతే నీలం దారంతో దానికి హుక్కులు కుట్టింది నేనే మరి! అది ఆ వ్యాపారి కూతురిది. పెళ్లికూతురి జాకెట్లన్నీ అతుకులేనని, నలుగురిలో అవి బయటికి తీయలేక తల్లి ఉతికే బట్టల్లోంచి దీన్ని పట్టుకొచ్చిందని ఇప్పుడైతే అర్థమవుతుంది. అప్పుడు నాకవన్నీ ఎక్కడివి?

ఖాలా ఇంట్లో ఆ సమయానికి వీధి ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను నోరు జారితే ఆ మాట సాయంత్రానికల్లా వ్యాపారి ఇల్లు చేరేది. ఆ తల్లికి పని పోయి, పెళ్లి ముందు దొంగ అన్న పేరు మిగిలేది. నేను "ఖాలా, ఇదీ..." అన్నానో లేదో, ఆమె ఒక దారం కొస నా పెదాల మధ్య పెట్టింది. గట్టిగా పట్టుకోమని, వదిలితే ఉండంతా చిక్కుపడుతుందని బెదిరించింది. నేను కళ్లు మిటకరిస్తూ ఉండిపోయాను.

ఖాలా ఆ జాకెట్టును పరవనైనా పరవకుండా మడిచి తల్లి సంచిలో పెట్టేసింది.

"ఈ ఆది జాకెట్లతో నాకు సాకైపోయిందమ్మా, ఇంక నా వల్ల కాదు. ఉతికి ఉతికి సాగిపోయింటాయి. ఈ పొద్దు నుంచి ఎవరి ఆదీ తీసుకోను. రా పాపా, ఈడ నిలబడు, కొలుస్తా."

అంతటితో ఊరుకోలేదు. మిగతావాళ్లు తెచ్చిన ఆదులు కూడా తిప్పి ఇచ్చేసింది. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేమొచ్చిందని ఒకామె సణిగితే, నవ్వుతూనే ఆమె చేతులు పైకెత్తించి మరీ కొలిచింది. ఆ తల్లి ముఖం తేటపడింది. చూస్తే పెళ్లికూతురు వ్యాపారి కూతురి కంటే బాగా సన్నం. ఆ ఆదికే కత్తిరించి ఉంటే ఉన్న ఒక్క గుడ్డా పాడయ్యేది.

అందరూ వెళ్లాక నా ఉక్రోషమంతా వెళ్లగక్కాను. అది ఎవరి జాకెట్టో నాకు తెలుసన్నాను. ఖాలా కత్తెర కింద పెట్టింది.

"నేను కుట్టింది నాకు తెలీకుండా పోతాదా? తెలిసిందంతా సెప్పల్లని యాడుంది?"

సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. నాకంటే ముందే చూసి కూడా, చూడనట్టే ఉండగలిగిన మనిషి ఆమె.

తర్వాత ఎమ్మిగనూరులో నాదీ ఒక కుట్టు దుకాణమైంది. ఇన్నేళ్లలో నేను ఒక్క ఆదీ తీసుకోలేదు, వచ్చినవాళ్లందరినీ టేపు పెట్టే కొలిచాను. పని నేర్చుకోవడానికి వచ్చే ప్రతి అమ్మాయీ ఎందుకని అడుగుతుంది. ఉతికితే సాగిపోతాయని చెబుతాను.