బతికినవాళ్ల లెక్క

నాలుగు కోటలు, పదకొండు వేలమంది సైనికులు, ఇద్దరు కొడుకులు. శరణు కోరినవాళ్లను అప్పగించనని మాటిచ్చి ఒక రాజు పోగొట్టుకున్నవి ఇవి. గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో, ఆ రాజు కథ చెప్పే మాయాలోకపు నవల చివరి పేజీలో ఇవన్నీ లెక్కరాసి, కింద ‘నిజాయితీపరుడు రాజ్యానికి పనికిరాడు’ అని రాశాను.

పక్కసీటులోని నేతపని ఆమె తొంగిచూసి చదివింది.

"నన్ను గూడ గిట్లనే అని, మా నేతసంఘం పెద్దరికం నుంచి రేపు దింపుతున్నరన్నా. నూలుచీరకు పట్టుకొంగు ఒక్కో పోగు ముడేసి కలుపుతం. అరకొర ముళ్ల చీరలకు మంచి సరుకని సంఘం ముద్ర కొట్టనన్న, గందుకే."

"కొడితే పెద్దరికం నిలుస్తది గద చెల్లె?"

"సచ్చినా కొట్ట! పోయినోళ్లను రాసినవ్ గని, ఆ రాజు మాట నమ్మి బతికినోళ్లెందరు?"

నవలంతా తిరగేశాను. ఆ అంకె లేదు. నా తీర్పు కొట్టేసేలోపే ఆమె దిగిపోయింది.

ఆ అంకె ఆమెకు ఇప్పటికీ బాకీ ఉన్నాను. అది సున్నా మాత్రం కాదు.