షమీమ్ మొదటి కాగితం

ఇరవై ఏళ్లుగా ఈ మాట లోపలే దాచుకున్నాను. బరువే. అయితే ఆ బరువుతోనే కడుపునిండా తిన్నాను, హాయిగా నిద్రపోయాను. అదీ ఒప్పుకోవాలి కదా. మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను?

రెండువేల నాలుగో, అయిదో. తెనాలిలో ఏడో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. బాపట్లలో టీచర్లకి శిక్షణ పెట్టారు. ఎవరికి వాళ్లు ఒక పిల్ల రాసిన వ్యాసం తీసుకెళ్లాలి. మార్జిన్‌లో మనం ఏం సలహా రాశామో, అది చదివి పిల్ల ఎలా మార్చి రాసిందో, రెండు కాగితాలూ చూపించాలి. ఎర్రసిరాతో సున్నాలు చుట్టడం తప్ప నాకేం తెలుసు? రేపు ప్రయాణమనగా నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

షమీమ్ వ్యాసం ఒక్కటి ఉంది. వాళ్ల నాన్న గొడుగులు బాగుచేస్తాడు. వానాకాలం గురించి రాయమంటే, 'వాన వస్తే ఊరంతా ఇంట్లోకి పరుగెడుతుంది. మా అబ్బా మాత్రం పెట్టె పట్టుకుని బయటికి వెళ్తారు' అని మొదలుపెట్టి ఒక్క ఊపులో రాసేసింది. దిద్దడానికేమీ లేదు. అదే నాకొచ్చిన చిక్కు.

ఆ పిల్లని పిలిచాను.

"దీనికంటే ముందు రాసినట్టు ఇంకోటి రాసివ్వమ్మా. కొంచెం చప్పగా ఉండాలి."

"చప్పగా అంటే ఏంటి టీచర్?"

"వానలు కురియును, పంటలు పండును... అలాగ."

రాసిచ్చింది. ఇచ్చి, అక్కడే నిలబడింది.

"నేను ముందే బాగా రాశాను కదా టీచర్?"

"రాశావులే, వెళ్లు," అన్నాను.

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఆ చప్పటి కాగితం మార్జిన్‌లో 'నువ్వు కళ్లారా చూసింది రాయి', 'మీ ఇంట్లో వాన ఎలా ఉంటుంది?' అని పెన్సిలుతో ముచ్చటగా రాశాను. అసలు వ్యాసాన్ని రెండోదిగా చూపించాను. బాపట్లలో అందరూ చప్పట్లు కొట్టారు. జిరాక్సులు తీసి చుట్టుపక్కల బళ్లన్నిటికీ పంచారు. పిల్ల పేరు కొట్టెయ్యాలని నాకు తోచలేదు. తోచలేదా, తోచినా ఊరుకున్నానా?

విచిత్రమేంటంటే, ఆ పద్ధతి మంచిదే. తర్వాత నిజంగానే అలా చెప్పడం నేర్చుకున్నాను. నా పిల్లలు చక్కగా రాశారు. ఆ తృప్తి నాకిప్పటికీ ఉంది, లేదంటే అది ఇంకో అబద్ధం.

మరుసటేడు రేపల్లె బస్సులో అక్కడి టీచరొకావిడ కలిసింది. "మీ షమీమ్ కాగితాలు మా పిల్లలకి చూపిస్తానండి. అంత మొద్దుపిల్లే నేర్చుకుంది, మీకేం రోగంరా అంటాను," అని మురిసిపోయింది. వేమూరు దాకా నవ్వుతూనే కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నవ్వాను.

షమీమ్ ఇప్పుడెక్కడుందో తెలియదు. వెతకలేదు కూడా. ఇలా చెప్పేశాక గుండె కాస్త తేలికపడిన మాట నిజం. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

ఆ అసలు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మార్జిన్‌లో నా అక్షరం ఒక్కటీ లేదు. అదే మొదటిది. ఆ పిల్లకి రాయడం నేను నేర్పలేదు. చప్పగా రాయడం ఒక్కటే నేర్పాను.